పదిహేడో జంట

పసిబిడ్డలు బతికారంటే ఎవరికైనా సంతోషమే. హైమావతికి మాత్రం ఆ అంకె చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండిపోయేది.

పదిహేడో జంటలో రెండో ఊరు. ఐదేళ్ళలో తొంభై ఒక్క కాన్పులు, పోయిన బిడ్డలు ఇద్దరు. ఆ ఊరికి నర్సు లేదు, మందుల పెట్టె లేదు, అంబులెన్సు లేదు. అన్నీ అమర్చిపెట్టిన మొదటి ఊళ్ళో తొంభై నాలుగు కాన్పులకు ఏడుగురు పోయారు. ఎరువు వేసిన మడి ఎండిపోయి వేయని మడి పచ్చగా ఉంటే, ఏ రైతైనా ముందు గట్టు మీద నిలబడి ఎక్కడ గండి పడిందా అని వెతుకుతాడు. హైమావతీ అదే వెతికింది. ఆమె చూపు వెళ్ళి సాంబ్రాజ్యం మీద ఆగింది.

సాంబ్రాజ్యం ఆ జంట ఊళ్ళు రెండూ తిరిగి వివరాలు రాసుకొచ్చే మనిషి. ఆ ఊళ్ళ పేర్లు తెలిసింది ఆమెకూ, కేంద్రం డైరెక్టరు శేషగిరి గారికీ మాత్రమే. మందులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జారిపోతున్నాయంటే మోసే చెయ్యి ఆమెది కాక ఇంకెవరిది?

ఒంగోలు శివార్లలోని ఆ అధ్యయన కేంద్రంలో హైమావతికి పన్నెండేళ్ళ సర్వీసు. అక్కడ అందరి బతుకూ త్రాసు చుట్టూ తిరిగేది. త్రాసంటే యంత్రం. ఒక పథకం జనానికి మేలు చేసిందో లేదో తేలాలంటే, ఒక ఊరికి ఇచ్చి, అచ్చం అలాంటి ఇంకో ఊరికి ఇవ్వకుండా ఉంచి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ అచ్చం అలాంటి ఊరు దొరకడంలోనే తంటా అంతా. త్రాసు ఆ తంటా తీర్చింది. కులాలు, చదువులు, వానలు, వలసలు, చివరికి జనం వండుకునే పప్పుతో సహా తూచి అరవై జంటలు కట్టింది. కట్టి ఊరుకోలేదు, ఏళ్ళు గడిచినా జంట చెదరకుండా కాపలా కాసింది. రెండో ఊరికి కొత్తగా ఏదైనా మేలు రాబోతుంటే సర్కారు దస్త్రాల వరుసలో దాన్ని వెనక్కి జరిపేది. కాదని ఎన్నడూ అనలేదు, తర్వాత అనేది. "ఎవరికీ ఏదీ ఎగ్గొట్టడం లేదు, కాస్త ఆలస్యం, అంతే" అని శేషగిరి గారంటే అందరూ తలలూపారు. అందరికన్నా ముందు ఊపింది హైమావతే.

లెక్క కట్టేవాళ్ళకు ఊళ్ళ పేర్లు తెలియకూడదు, నంబర్లే తెలియాలి. ఊళ్ళతో చుట్టరికం ఉన్నవాళ్ళ లెక్క చెల్లదు. ఈ రెండు నిబంధనలూ ఆమె చేత్తో రాసినవే. తన అత్తవారి ఊరు మేడిపాలేనికి నర్సమ్మ వచ్చిన సంగతి ఆమెకు తెలుసు, ఊరంతటికీ తెలిసింది ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? అందుకే శేషగిరి గారి చెవిన ముందే వేసింది, జంట నంబరు తెలియనంత వరకు పరవాలేదన్నారాయన. రాష్ట్రంలో నర్సమ్మలు వచ్చిన ఊళ్ళు అరవై. వాటిలో మేడిపాలెం ఎన్నోదో, దాని జంట ఏదో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

పందొమ్మిది రోజుల కింద త్రాసు హెచ్చరిక పంపింది. పదిహేడో జంట మొదటి ఊళ్ళో మందులు రేషను కార్డుల లెక్కకు మించి ఖర్చవుతున్నాయి. బయటివాళ్ళకు సేవలు ఆపాలి. ఆ ఊరి కార్డు నంబరు కొడితేనే మందుల పెట్టె తెరుచుకోవాలి. హైమావతి మనసులో సాంబ్రాజ్యం సంచీ మెదిలింది. దొంగకు తాళం వేసినట్టే అనుకుని సంతకం పెట్టేసింది.

ఇంకో వారంలో తుది నివేదిక వెళ్ళాలి. అరవై జంటలూ కలిపి చూస్తే నర్సమ్మ వల్ల ప్రయోజనం కనిపించడం లేదు. ఆ మాట పైకి వెళ్తే అరవై ఊళ్ళ నర్సమ్మలూ ఇంటికి పోతారు.

*

ఆదివారం పొద్దున ఇడ్లీ పొయ్యి మీద ఉండగా మాణిక్యం ఫోను చేసింది.

మాణిక్యం హైమావతి భర్త రామకోటికి చెల్లెలు. హైమావతి అన్న చెంచయ్యకు భార్య. ఇక్కడి పిల్ల అక్కడికి, అక్కడి పిల్ల ఇక్కడికి. కుండమార్పిడి పెళ్ళిళ్ళు. అందుకని ఆ ఇద్దరూ ఒకరికొకరు వదినలే, పిలుపులో ఎక్కువ తక్కువలు లేవు. మేడిపాలెంలో హైమావతికి చీర కొంటే గురిజేపాడులో మాణిక్యానికీ కొనాల్సిందే. రామకోటి ఎప్పుడైనా గొంతు పెంచితే అతని తల్లే కసిరేది, "నోరు మూసుకోరా, అవతల నా కూతురుంది" అని. పెళ్ళయిన కొత్తలో హైమావతి దీన్ని తలుచుకుని నవ్వుకునేది. తర్వాత తర్వాత అదే ధీమా అయింది.

మాణిక్యానికి ముప్పై నాలుగేళ్ళు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఎనిమిదో నెల.

"వదినా, పురిటికి మేడిపాలెం వచ్చేశా. మీ అన్న ఆటో కట్టించి పంపాడు. బస్సు తీసేశారుగా, దిక్కులేదు."

"కాళ్ళ వాపు తగ్గిందా?"

"యాడ తగ్గింది? బీపీ ఎక్కువుందని నర్సమ్మే అంది. కానీ ఆమెకాడ మందు పెట్టె తెరుచుకోట్లా. నాది గురిజేపాడు కార్డంట. ఏదో కొత్త రూలంట. ఇదేం చోద్యం వదినా, నేను పుట్టిందే ఆ ఊళ్ళో గదా!"

హైమావతి చేతిలో గరిటె ఆగింది. అనుమానించడం ఆమె వృత్తి. ఎదుటివాళ్ళ అంకెల్లో పిసరంత తేడా ఉన్నా పట్టేస్తుంది. ఆ పూట మాత్రం మనసు మెల్లగా పక్కకు తప్పుకుంది. అలాంటి ఆదేశాలు ఎన్ని జంటలకు వెళ్ళాయో, అన్నిటికీ తనే సంతకం పెట్టిందా ఏమిటి అనుకుంది.

"కనిగిరి పెద్దాసుపత్రిలో చూపించుకో వదినా. రేపే వెళ్ళు."

"మంగళవారం పోతాలే. అమ్మ సోమవారం వద్దంది."

ఫోను పెట్టేసరికి ఇడ్లీలు గట్టిపడ్డాయి. రామకోటి ఒకటి తుంచి భార్య మొహం చూసి మిగతాదీ తినేశాడు.

*

సోమవారం సాంబ్రాజ్యాన్ని కేంద్రానికి పిలిపించింది. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం, భుజాన గుడ్డ సంచీ. హైమావతి కళ్ళు ఆ సంచీ మీదే ఉన్నాయి.

"సాంబ్రాజ్యమ్మా, దాచకుండా చెప్పండి. మొదటి ఊరి మందులు రెండో ఊరికి ఎవరు మోస్తున్నారు?"

"మందులు మొయ్యడమేంది మేడమ్మా, మనుషులే పోతుంటే!"

"ఎవరు పోతున్నారు?"

"ఇంకెవురు? కడుపుతో ఉన్నోళ్ళు. ఆ రెండూళ్ళకీ తాతలనాటి నుంచీ ఇచ్చిపుచ్చుకోడాలేగా. ఈ ఊరి పిల్ల ఆ ఊరి కోడలు, ఆ ఊరి పిల్ల ఈ ఊరి కోడలు. నొప్పులొచ్చే ముందు ఎవురింటికి వాళ్ళు పోతారు. మూడు కాన్పులైనా పురుడు పుట్టింటోళ్ళే పొయ్యాల ఆడ."

"మరి ఆ ముక్క రాయలేదేం?"

సాంబ్రాజ్యం ఆమెను వింతగా చూసింది. "మీ ఫారంలో ఆ గడి యాడుందమ్మా? తల్లి ఊరు, కార్డు ప్రకారం అని అచ్చేశారు. కార్డు అత్తగారింట్లో ఉంటది. చూసి రాసుకొచ్చా. పురుడు యాడ పోశారని మీరడగలా."

ఆ ఫారం తయారుచేసిందీ హైమావతే. తన ఇద్దరు కొడుకులనూ ఆమె గురిజేపాడులో అమ్మ దగ్గరే కన్నది. నులకమంచం, కుంపటి, అమ్మ పెట్టిన వెల్లుల్లి కారం అన్నీ గుర్తే. ఫారం రాసిన రోజు మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. డాక్టరేటు కోసం చదివిన పుస్తకాల్లో ఎక్కడా పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడది లేదు మరి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"మీకు గుర్తున్నంత వరకు ఎవరు ఎక్కడ కన్నారో చెప్పగలరా?"

"గుర్తెందుకమ్మా? నా పుస్తకంలో ఉంది." సంచీలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసింది. "ఆడదాన్ని పలకరించి పుట్టిల్లేదని అడక్కుండా ఎట్టా ఉంటాం? అడిగింది రాసుకున్నా."

హైమావతి తలుపు వేసుకుని కూర్చుంది. తల్లి ఊరి కింద కాకుండా, బిడ్డ భూమ్మీద పడిన ఊరి కింద ఒక్కో కాన్పూ రాసుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. నర్సమ్మ ఉన్న ఊళ్ళో జరిగినవి ఎనభై తొమ్మిది, పోయిన బిడ్డ ఒక్కటి. నర్సమ్మ లేని ఊళ్ళో తొంభై ఆరు, పోయినవాళ్ళు ఎనిమిది మంది.

అంకెలు తలకిందులయ్యాయి. నర్సమ్మ ఐదేళ్ళుగా బిడ్డల్ని కాపాడుతూనే ఉంది. కాపాడిన పుణ్యమంతా పక్క ఊరి ఖాతాలో పడింది. సాయం లేని ఊరు ఎందుకు బాగుపడుతోందో అర్థంకాక త్రాసు దాని బస్సు తీసింది, ఆరోగ్య కేంద్రం దస్త్రం వెనక్కి నెట్టింది. ఎంత వెనక్కి నెట్టినా బాగుపడుతూనే ఉంటే, చివరికి కూతుళ్ళు వచ్చే గుమ్మానికే తాళం వేసింది. రెండూళ్ళు ఇంత ఒకేలా ఉన్నాయంటే అందుకు చుట్టరికమే కారణమని యంత్రానికి తోచలేదు సరే, మనుషులకూ తోచలేదు. మిగతా జంటల్లో ఇలాంటి వియ్యపు ఊళ్ళు ఎన్నో!

అప్పటిదాకా ఆమె అంకెలే చూసింది, పేర్ల వైపు చూడలేదు. పుస్తకం మూయబోతూ చివరి పేజీ చూసింది. పుట్టిల్లు, మెట్టిల్లు అని రెండు గళ్ళు. వాటి కింద వరసగా రెండే పేర్లు. మేడిపాలెం, గురిజేపాడు. గురిజేపాడు, మేడిపాలెం.

పదకొండు రోజుల కిందటి వరస ఇలా ఉంది. "అంకమ్మ. పుట్టిల్లు మేడిపాలెం, మెట్టిల్లు గురిజేపాడు. పెట్టె తెరుచుకోలా. మగబిడ్డ పోయాడు."

దాని కింద వరస, "మాణిక్యం. పుట్టిల్లు మేడిపాలెం, మెట్టిల్లు గురిజేపాడు. ఎనిమిదో నెల."

హైమావతి ఆ తేదీ మీద వేలు పెట్టి రోజులు వెనక్కి లెక్కపెట్టింది. రెండూళ్ళలోనూ ఐదేళ్ళలో పోయిన తొమ్మిది మందిలో ఆ మగబిడ్డ లేడు, లెక్క పోయిన నెలాఖరుకే ముగిసింది. అతను పదోవాడు. సంతకం పెట్టాక పోయినవాడు.

*

శేషగిరి గారు కాగితం మొత్తం ఓపిగ్గా చదివారు. అంకమ్మ సంగతీ, మాణిక్యం తన ఆడపడుచన్న సంగతీ అందులో ఆమె దాచకుండా రాసింది. చదివాక కళ్ళజోడు తీసి ఆమెను చూశారు. ఆ చూపు హైమావతికి తెలుసు. పొద్దున సాంబ్రాజ్యాన్ని తను చూసిన చూపే.

"ఊళ్ళ పేర్లు మీకెలా తెలిశాయి?"

"పుస్తకంలో ఉన్నాయండీ. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ తాళం తీయించండి. మనుషులు..."

"అందులో ఒకటి మీ పుట్టినూరు. ఇంకోటి మెట్టినూరు. అవునా?"

"అవునండీ."

"మీ ఆడపడుచు ఇప్పుడు అక్కడ పురిటికి ఉంది. అవునా?"

ఆమె కాగితాన్ని మళ్ళీ ఆయన వైపు జరిపింది.

"నివేదిక ఇంకో వారంలో ఉందనగా, మీ ఇంటి మనిషికి అవసరం పడ్డ రోజున, ఒక చేతిరాత పుస్తకం పట్టుకుని లెక్క తిరగేశారు. బయటివాళ్ళెవరైనా ఏమనుకుంటారు హైమావతి గారూ? చుట్టరికం ఉన్నవాళ్ళ లెక్క చెల్లదు. ఇది మీరు రాసిందే కదా?"

"నా లెక్క చెల్లకపోతే మీరే కట్టండి. ఇంకెవరితోనైనా కట్టించండి. అంకెలు అవే వస్తాయి."

"కట్టిద్దాం, నివేదిక వెళ్ళాక. ఇప్పుడు తాళం తీస్తే ఐదేళ్ళ పోలిక చెడుతుంది." ఆయన చెడ్డవాడేం కాదు, గొంతులో నిజంగానే బాధ ఉంది. "కాస్త ఆలస్యం, అంతే."

ఐదేళ్ళ కింద తల ఊపిన మాటే ఇది. ఆమెకు ఆయన మీద కన్నా తన మీద ఎక్కువ అసహ్యం వేసింది.

వరండాలోకి రాగానే ఫోను మోగింది. అత్తగారు వెంకాయమ్మ.

"అమ్మా హైమా, పిల్లకి కళ్ళు తేలేస్తన్నాయే! నొప్పులు ముందే వచ్చినయ్. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటంది. బీపీ తలకెక్కి గుర్రపువాతం కమ్మిందంటంది నర్సమ్మ. పెట్టెలో సూది ఉందంట, తెరవనీదంట అది!"

"నర్సమ్మకి ఇవ్వండి అత్తయ్యా."

నర్సమ్మ ఫోను అందుకుంది. "ఈ ఊరి కార్డులో పేరున్న, కనే వయసులో ఉన్న ఆడమనిషి కావాలి మేడం. ఆమె ఫోనుకి నంబరొస్తుంది, అది కొడితేనే తెరుచుకునేది. ఇక్కడ అడిగాను, ఎవరూ ముందుకు రావట్లా. కేసవుద్దని భయం. కనిగిరి పోయేదాకా ఆగదు ఈమె."

హైమావతి ఒంగోలులో కాపురముంటున్నా ఆమె పేరు ఇంకా అత్తగారి కార్డులోనే ఉంది. మార్పించుకోమని రామకోటి ఏటా పోరుతూనే ఉన్నాడు.

"నా పేరు కొట్టండి. హైమావతి, వయసు ముప్పై ఎనిమిది. మా అత్తయ్య కార్డే."

"మీరా? కాన్పని రాస్తుంది మేడం అది."

"రాయనీ."

ఫోను గుయ్యిమంది. ఆరంకెలు. పన్నెండేళ్ళలో ఒక్క దొంగ అంకె రాయని హైమావతి, ఒక్క అంకె అటూ ఇటూ అయితే కుర్ర ఉద్యోగుల్ని నిలబెట్టి కడిగేసే హైమావతి, ఆ ఆరంకెలనూ ఒక్కొక్కటిగా గట్టిగా చదివింది. అవతల పెట్టె మూత టక్కున తెరుచుకున్న చప్పుడు వినిపించింది. అక్కడే వరండా గోడకు ఆనుకుని కూలబడి, చదువుకున్న దాన్నన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చింది.

సూది పడ్డాక మాణిక్యం నెమ్మదించింది. కనిగిరి ఆసుపత్రిలో సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. రెండు కేజీల పిల్ల. బతికింది.

*

త్రాసు ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే పట్టేసింది. పదిహేడో జంట, మొదటి ఊరు. హైమావతి అనే మనిషి కాన్పు సమయానికి ఆమె ఫోను నలభై మైళ్ళ అవతల ఒంగోలులో ఉంది. తప్పుడు నమోదు. బాధ్యులు, క్షేత్ర సిబ్బంది సాంబ్రాజ్యం. తొలగింపుకు సిఫారసు.

యంత్రానికీ ఆమె మీదే అనుమానం. నేర్పించిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

హైమావతి ఆ సిఫారసు కింద రాసింది. దొంగ పేరు కొట్టించింది నేను. గుమ్మానికి తాళం వేసిన సంతకం నాది. గడి లేని ఫారం నాది. నోటుబుక్కు నకలు జతచేసి కేంద్రం పాలక మండలిలో ఉన్న తొమ్మిది మందికీ పంపింది. మధ్యాహ్నానికి ఆమెను పనిలోంచి నిలిపేశారు. సాయంత్రానికి తొమ్మిది మందిలో ఇద్దరు మిగతా జంటల్లోనూ పుట్టిళ్ళు అడిగించమన్నారు. నివేదిక ఆగింది, తాళాలూ తీశారు. నర్సమ్మలు ఉంటారో పోతారో ఇంకా తేలలేదు.

ఆ శుక్రవారం మేడిపాలెంలో మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని వెంకాయమ్మ కోడలికి దిష్టి తీసింది. మాణిక్యం పక్కలోంచి చెయ్యి చాచి, "నా బదులు నువ్వు కన్నావంట గదా వదినా, పథ్యం కూడా నువ్వే తిను" అని ఎగతాళి చేసింది. హైమావతి నవ్వబోయింది, నవ్వు రాలేదు. బయట సాంబ్రాజ్యం ఆటో దగ్గర నిలబడి ఉంది.

"పోదామా మేడమ్మా? తప్పదంటారా?"

"తప్పదు."

గురిజేపాడులో అంకమ్మ ఇల్లు హైమావతి పుట్టింటికి నాలుగిళ్ళ అవతలే. బిడ్డ పోయాక అంకమ్మ అత్తింటికి వచ్చేసింది. వసారాలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె అత్త పీట వేసింది, చిన్నప్పటి నుంచీ ఎరిగిన పిల్ల కదా అని మంచినీళ్ళిచ్చింది. హైమావతి నీళ్ళు తాగలేదు. త్రాసు సంగతి, తాళం సంగతి, సంతకం సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. మాణిక్యం కోసం పెట్టె ఎలా తెరిపించిందో అదీ చెప్పింది.

ఆ ముసలామె కేకలు వేస్తుందనుకుంది. ఆమె అంకమ్మ మీద దుప్పటి సర్ది, మెల్లగా అడిగింది.

"ఇద్దరూ ఈ ఊరి కోడళ్ళే. ఇద్దరూ ఆ ఊరి ఆడపడుచులే. నర్సమ్మ ఒకటే, పెట్టె ఒకటే. మీ పిల్లకి తెరుచుకుంది, మా పిల్లకి తెరుచుకోలా. తేడా ఏందమ్మా?"

పన్నెండేళ్ళుగా హైమావతి ఊళ్ళను అడుగుతున్న ప్రశ్న అదే. అన్నీ ఒకటే అయినప్పుడు తేడా ఏది? గోడ వైపు తిరిగి ఉన్న అంకమ్మ ఇటు తిరిగింది.

"నేనేనమ్మా," అంది హైమావతి.